తక్కువ ధరలో నిజం చెప్పే తెర

పెళ్లిళ్ల సీజన్ ముగిసి ఆల్బమ్‌లు చేతికొచ్చే రోజుల్లో ఫొటో స్టూడియోల్లో తరచుగా వినిపించే ఫిర్యాదు ఒకటుంది: "సిస్టమ్‌లో బాగానే ఉంది, ప్రింట్ మాత్రం నల్లగా వచ్చింది." నెపం ల్యాబ్ మీదికి పోతుంది. కాగితం మార్చి మళ్లీ ప్రింట్ వేయిస్తారు. అదీ అలాగే వస్తుంది. చాలాసార్లు ల్యాబ్ చేసిన తప్పేమీ ఉండదు. ఫొటో దిద్దిన మనిషీ తన పని శ్రద్ధగానే చేసి ఉంటాడు. ఇద్దరి మధ్యా ఉన్న మానిటర్ ఉన్నది ఉన్నట్టు చూపించలేదు, అంతే.

ఇలా దెబ్బతిన్నవాళ్లు కొత్త మానిటర్ కొందామని దుకాణానికి వెళ్తే అక్కడ ఇంకో గందరగోళం. 4కె, హెచ్‌డీఆర్, 144 హెర్ట్జ్, వంపు తిరిగిన తెర, వంద కోట్ల రంగులు అంటూ పెట్టెల నిండా స్టిక్కర్లు. ఇరవై వేల రూపాయల దగ్గర చెయ్యి ఆగిపోయే చిన్న స్టూడియో యజమానికీ, ఇష్టంతో ఫొటోగ్రఫీ నేర్చుకుంటున్న విద్యార్థికీ వీటిలో చాలావాటితో పనిలేదు. ఫొటోలు దిద్దడానికి కావలసిన మానిటర్ కళ్లు చెదిరేలా ఉండక్కర్లేదు. ఫైల్‌లో ఏ రంగు ఉందో ఆ రంగే చూపించాలి. ఈ ఒక్క గుణాన్ని పట్టుకుని వెతికితే మంచి మానిటర్ మన బడ్జెట్‌లోనే దొరుకుతుంది. ఆ గుణాన్ని గుర్తుపట్టాలంటే మాత్రం తెర వెనక జరిగేదేమిటో కొంత తెలియాలి.

ప్రింట్ ఎందుకు నల్లబడుతుంది

మానిటర్‌కు సొంత వెలుగు ఉంది. కాగితానికి లేదు. తన మీద పడిన వెలుగులో కొంత తిరిగి పంపుతుంది, అంతవరకే దాని శక్తి. తెర ఎంత ప్రకాశంగా ఉందో నిట్స్‌లో చెబుతారు. కాగితం మీద పడే వెలుగును లక్సుల్లో చెబుతారు. లక్సుల నుంచి నిట్స్‌కు రావడానికి లెక్క తేలికే: కాగితం మీద పడిన లక్సులను అది తిరిగి పంపే పాలుతో గుణించి, 3.14తో భాగిస్తే చాలు.

మంచి తెల్ల కాగితం దాదాపు 90 శాతం వెలుగును తిరిగి పంపుతుంది. పగటిపూట ఇంట్లో, కిటికీకి కాస్త ఎడంగా కూర్చుని ఆల్బమ్ తిరగేస్తున్నారనుకుందాం. పేజీ మీద 300 లక్సులు పడుతుంటే, ఆ పేజీలోని తెల్లని చోటు 86 నిట్స్ ప్రకాశంతో కనిపిస్తుంది. అదే ఆల్బమ్‌ను రాత్రిపూట ఒక్క లైటు వెలుగుతున్న హాల్లో, 100 లక్సుల్లో తెరిస్తే ఆ తెలుపు 29 నిట్స్‌కు పడిపోతుంది. పెట్టెలోంచి తీసి బిగించిన కొత్త మానిటర్ ఎంత వెలుగుతుందో తెలుసా? మామూలు ఆఫీసు మానిటరే 250 నుంచి 300 నిట్స్ ఇవ్వగలదు. చాలామంది దాన్ని ఆ ఫ్యాక్టరీ సెట్టింగు మీదే వదిలేస్తారు. అంటే పగటి ఆల్బమ్ కంటే దాదాపు మూడున్నర రెట్లు ఎక్కువ. ఫొటోగ్రాఫర్ల భాషలో ఇంచుమించు రెండు స్టాపులు.

అంత ప్రకాశవంతమైన తెర ముందు కూర్చున్న మనిషికి పెళ్లికొడుకు నల్ల సూటు మడతలన్నీ విడివిడిగా కనిపిస్తాయి. ముఖాలు కళకళలాడతాయి. ఇంకా లైట్ పెంచాల్సిన అవసరం తోచదు. పైగా మండపంలో తెల్లపూలు మరీ మెరిసిపోతున్నాయని కొంచెం తగ్గిస్తాడు కూడా. ఆ ఫైలే కాగితం మీదికి వచ్చేసరికి సూటు మడతలు ఒక్క నల్లముద్దలో కలిసిపోతాయి. మన కళ్లు పరిసరాల వెలుగుకు కొంత సర్దుకుంటాయి కాబట్టి తేడా పూర్తిగా రెండు స్టాపులుగా తెలియదు. అయినా ఆల్బమ్ చూసి ఇంటివాళ్లు ముఖం ముడుచుకోవడానికి అందులో సగం చాలు.

కాబట్టి కొత్త మానిటర్‌కు ఒక్క రూపాయి ఖర్చుపెట్టే ముందు, ఉన్న మానిటర్ వెలుగు తగ్గించి చూడండి. ప్రింట్ కోసం దిద్దేవాళ్లు 80 నుంచి 120 నిట్స్ మధ్య పెట్టుకోవడం ఆనవాయితీ. నిట్స్ కొలిచే సాధనం లేదని చింతించక్కర్లేదు, అది ప్రతి ఫొటోగ్రాఫర్ చేతిలోనే ఉంది. కెమెరా లోపలి లైట్ మీటర్ చేసే పని ప్రకాశాన్ని కొలవడమే. మానిటర్ మీద తెల్లటి ఖాళీ పేజీ తెరను నిండేలా తెరవండి. కెమెరాను మాన్యువల్ మోడ్‌లో పెట్టి ఐఎస్‌ఓ 100, ఎఫ్/4, 1/50 సెకను సెట్ చేయండి. ఫోకస్ కావాలనే చెదరగొట్టి, తెర మధ్యభాగం ఫ్రేమంతా నిండేలా పట్టుకోండి. మీటర్ గుర్తు సున్నా మీద నిలిచేవరకూ మానిటర్ బ్రైట్‌నెస్ తగ్గిస్తూ రండి. అది ఆగిన చోట మీ తెర దాదాపు 100 నిట్స్ మీద ఉంది. షట్టర్ 1/60కి మార్చి ఇదే చేస్తే 120 నిట్స్. లెన్స్ కొంత వెలుగును మింగేస్తుంది, మీటర్లు కంపెనీని బట్టి కాస్త మారతాయి, అందుకని పది ఇరవై శాతం తేడా రావచ్చు. మూడింతలు తప్పుగా ఉన్న చోట ఇరవై శాతం తేడా లెక్కలోది కాదు.

మొదటిసారి అలా తగ్గించినప్పుడు తెర చచ్చుబడినట్టు అనిపిస్తుంది. పది నిమిషాలు ఓర్చుకుంటే కన్ను అలవాటు పడుతుంది. మానిటర్ దుకాణంలో కూడా ఈ సంగతి గుర్తుంచుకోవాలి: 400 నిట్స్ తెర అని గొప్పగా రాసుంటే, అందులో మూడు వంతులు మీరు వాడనే వాడరు.

17 మంది కళ్లు, ఒక త్రిభుజం

ఇప్పుడు రంగుల సంగతి. మన కంటి రెటీనాలో రంగును పట్టే కోన్ కణాలు మూడు రకాలు. అందుకే ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు వెలుగులను వేర్వేరు పాళ్లలో కలిపితే లక్షల రంగులు ఉన్నాయన్న అనుభూతి మనకు కలుగుతుంది. 1920ల చివర్లో లండన్ ఇంపీరియల్ కాలేజీలో డబ్ల్యూ. డి. రైట్ పది మందిని, నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో జాన్ గిల్డ్ ఏడుగురిని కూర్చోబెట్టి, ఏ రంగుకు సరితూగడానికి ఏ వెలుగు ఎంత కలపాలో కొలిచారు. ఆ కొలతల ఆధారంగానే అంతర్జాతీయ కాంతి సంఘం సీఐఈ 1931లో కంటికి కనిపించే రంగులన్నిటికీ ఒక పటం గీసింది. గుర్రపు నాడా ఆకారంలో ఉండే ఆ పటం ఇవాళ్టికీ చెలామణిలో ఉంది. మీ మానిటర్ పెట్టె మీద రంగుల గురించి రాసిన ప్రతి శాతానికీ వెనక ఆ 17 మంది కళ్లున్నాయి.

ఆ పటం మీద మానిటర్ చూపగల మూడు మూల రంగులకు మూడు చుక్కలు పెట్టి కలిపితే ఒక త్రిభుజం వస్తుంది. ఆ త్రిభుజం లోపలి రంగులనే మానిటర్ చూపగలదు. బయటివాటిని చూపలేదు. 1996లో హ్యూలెట్ ప్యాకార్డ్, మైక్రోసాఫ్ట్ కలిసి అప్పటి సీఆర్‌టీ మానిటర్ల శక్తిని లెక్కలోకి తీసుకుని అందరికీ ఒక ఉమ్మడి త్రిభుజాన్ని ప్రతిపాదించాయి. అదే ఎస్‌ఆర్‌జీబీ. 1999లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. కంటికి కనిపించే రంగుల పటంలో అది కప్పేది దాదాపు మూడో వంతే. 1998 నాటి అడోబీ ఆర్‌జీబీ సగం దాకా కప్పుతుంది. ఈ రెండిటికీ ఎరుపు, నీలం చుక్కలు ఒకటే. ఆకుపచ్చ చుక్క ఒక్కటే ఇంకాస్త దూరం జరుగుతుంది.

ఆ ఆకుపచ్చ చుక్క దగ్గరే మన పట్టుచీరల కష్టం ఉంది. నెమలికంఠం రంగు చీరలో నీలం పడుగు, ఆకుపచ్చ పేక కలిసి వెలుగు పడిన కొద్దీ మారుతూ మెరుస్తాయి. నిండైన ఆ నీలి ఆకుపచ్చల్లో కొన్ని ఎస్‌ఆర్‌జీబీ త్రిభుజానికి బయటే పడతాయి. తెర వాటిని అంచు దగ్గరికి లాక్కొచ్చి చూపిస్తుంది. అందుకే ఎదురుగా చూసిన చీర, ఫొటోలోని చీర ఒకటి కానట్టు ఉంటాయి. పసుపుదీ ఇంకో రకం ఇబ్బంది. అది నీలి వెలుగును గట్టిగా పీల్చుకుంటుంది. మంగళస్నానం ఫొటోల్లో బుగ్గల మీద, చేతుల మీద ముద్దగా రాసిన పసుపును ఎస్‌ఆర్‌జీబీ ఫైల్‌లో చూస్తే నీలం విలువ సున్నాకు చాలా దగ్గరగా పడిపోయి ఉంటుంది. సున్నా తాకిన చోట ఇక వివరం ఉండదు. చర్మం మీద పసుపు పగుళ్లు, వేలిముద్రల జాడలు పోయి ఒకే రంగు పూసినట్టు తయారవుతుంది. ఎర్రటి పెళ్లిచీర మీద శాచురేషన్ లాగితే జరిగేదీ ఇదే. ఎరుపు 255 దగ్గర ఆగిపోయి, జరీ పక్కన నేత గీతలు మాయమవుతాయి. వీటిని కాపాడుకోవడం దిద్దేవాడి పని. ఆ పని జరగాలంటే నేత గీతలు ఎక్కడ పోతున్నాయో తెర అతనికి చూపించాలి.

మరి పెద్ద త్రిభుజం ఉన్న మానిటర్ కొంటే పోలేదా? ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. ఆల్బమ్ ల్యాబుల్లో చాలావరకు ఎస్‌ఆర్‌జీబీ జేపెగ్ ఫైళ్లనే అడుగుతాయి. వాట్సాప్‌లో పంపినా, ఫేస్‌బుక్‌లో పెట్టినా అదే సురక్షితం. అడోబీ ఆర్‌జీబీ ఫైల్‌ను ప్రొఫైల్‌ను పట్టించుకోని చోట తెరిస్తే ఫొటో చప్పగా కనిపిస్తుంది. పెద్ద త్రిభుజం ఉన్న చవక మానిటర్ మీద దీనికి సరిగ్గా తలకిందుల తిప్పలు. రంగుల్ని సరిచూసుకోని ప్రోగ్రామ్‌లో ఎస్‌ఆర్‌జీబీ ఫొటో తెరిస్తే ముఖాలు ఎర్రగా కందిపోయినట్టు, పచ్చిక విషంలా కనిపిస్తాయి. దాన్ని చూసి రంగు తగ్గిస్తే ప్రింట్ పాలిపోతుంది. అలాంటి మానిటర్లలో ఎస్‌ఆర్‌జీబీ మోడ్ అని ఒకటి ఇస్తారు గానీ, కొన్నిట్లో ఆ మోడ్ పెట్టగానే బ్రైట్‌నెస్ మీట తాళం పడిపోతుంది. వెలుగు తగ్గించుకోలేని ఎస్‌ఆర్‌జీబీ మోడ్ మనకు ఎందుకూ కొరగాదు. కొనే ముందు మెనూలోకి వెళ్లి ఇది చూసుకోవాలి.

తక్కువ బడ్జెట్‌లో నా సలహా సూటిగా ఇదే: ఎస్‌ఆర్‌జీబీని 95 నుంచి 100 శాతం కప్పే మామూలు త్రిభుజం చాలు. మిగిలిన డబ్బు వేరేచోట పనికొస్తుంది.

పెట్టె మీది అంకెలు చదవడం

రంగుల శాతం రాయడంలో ఒక తికమక ఉంది. కొన్ని పెట్టెల మీద "ఎన్‌టీఎస్‌సీ 72 శాతం" అని ఉంటుంది. ఎన్‌టీఎస్‌సీ అంటే 1953 నాటి అమెరికా కలర్ టీవీ ప్రమాణం, దాని త్రిభుజం పెద్దది. అందులో 72 శాతం అంటే వైశాల్యంలో దాదాపు పూర్తి ఎస్‌ఆర్‌జీబీ అన్నమాట. కాబట్టి 72 అనే అంకె చూసి తక్కువనుకోనక్కర్లేదు. కానీ "ఎన్‌టీఎస్‌సీ 45 శాతం" అని ఉంటే పక్కన పెట్టేయండి. అది ఎస్‌ఆర్‌జీబీలో సుమారు అరవై శాతమే. చవక ల్యాప్‌టాప్ తెరలు ఎన్నో ఈ కోవలోవే. వాటి మీద కుంకుమ ఇటుక రంగులో కనిపిస్తుంది. ల్యాప్‌టాప్ మీదే ఆల్బమ్‌లు దిద్దుతున్నవాళ్లు ముందుగా ఓ సాదా ఐపీఎస్ మానిటర్ కొని దానికి తగిలించుకున్నా పనితనం మారిపోతుంది.

అసలీ త్రిభుజం పరిమాణం ఎక్కడ తేలుతుంది? తెర వెనక దీపంలో. ఎల్‌సీడీ తెరకు వెనకనుంచి వెలుగిచ్చేది నీలి ఎల్‌ఈడీ, దాని మీద పసుపుపచ్చ ఫాస్ఫర్ పూత. రెండూ కలిసి తెలుపుగా కనిపిస్తాయి. ఈ నీలి ఎల్‌ఈడీ సాధించినందుకే అకసాకి, అమనో, నకమురాలకు 2014లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. ఆ తెలుపులో శుద్ధమైన ఎరుపు, ఆకుపచ్చ పాళ్లు తక్కువ. ఎరుపు ఫాస్ఫర్ విడిగా చేర్చినా, క్వాంటమ్ డాట్లు వాడినా ఆ కొరత తీరి త్రిభుజం పెరుగుతుంది. క్వాంటమ్ డాట్లకు 2023లో కెమిస్ట్రీ నోబెల్ దక్కింది. ధరల్లో కనిపించే తేడా కొంత ఈ పూతల తేడాయే.

ఇంకో అంకె డెల్టా ఈ. తెర చూపాల్సిన రంగుకూ, చూపిన రంగుకూ మధ్య దూరం అది. ఒకటి అంటే పక్కపక్కన పెట్టి చూస్తే కంటికి లీలగా తెలిసేంత తేడా. సగటు రెండు లోపు ఉంటే ఫొటో పనికి చక్కగా సరిపోతుంది. "ఫ్యాక్టరీ క్యాలిబ్రేటెడ్, డెల్టా ఈ 2 లోపు" అని రాసే మానిటర్లు కొన్ని పెట్టెలోనే కొలతల కాగితం పెట్టి ఇస్తాయి. అసుస్ ప్రోఆర్ట్ పీఏ248క్యూవీ, దాని 27 అంగుళాల అన్న పీఏ278క్యూవీ, డెల్ అల్ట్రాషార్ప్ యూ2419హెచ్ ఈ జాతివి. మోడళ్లు మారుతుంటాయి, పేర్లు కంఠస్థం చేయనక్కర్లేదు. పూర్తి ఎస్‌ఆర్‌జీబీ, ఫ్యాక్టరీ కొలతల కాగితం, ఐపీఎస్ ప్యానెల్, ఎత్తు సర్దుకునే స్టాండు ఉన్నవి ఏ కంపెనీవైనా ఈ వర్గంలోకే వస్తాయి.

ఐపీఎస్ అని ఎందుకు పట్టుబట్టాలో చెప్పాలి. ఎల్‌సీడీలో ద్రవ స్ఫటికాలు కదిలి వెలుగును ఆపుతాయి, వదులుతాయి. టీఎన్ రకంలో అవి చూసేవాడి వైపు లేస్తూ పడుకుంటూ ఉంటాయి. అందుకే తల కాస్త పైకి కిందికి కదిపినా రంగు మారిపోతుంది. 1990ల మధ్యలో హిటాచీ మార్కెట్లోకి తెచ్చిన ఐపీఎస్‌లో అవి గాజుకు సమాంతరంగా, తాము పడుకున్న తలంలోనే తిరుగుతాయి. పక్కనుంచి చూసినా రంగు దాదాపు నిలకడగా ఉంటుంది. వీఏ రకానికి నలుపు బాగా వస్తుంది, కాంట్రాస్ట్ 3000:1 దాకా ఉంటుంది, సినిమాలకు అద్భుతం. కానీ చూసే కోణం మారితే నీడల వెలుగు మారుతుంది. కోణం మారడానికి మీరు కదలాల్సిన పని కూడా లేదు. 27 అంగుళాల తెర వెడల్పు 60 సెంటీమీటర్లు. అంత దూరంలోనే కూర్చుంటే తెర అంచులను మీ కన్ను దాదాపు 27 డిగ్రీల వాలుతో చూస్తుంది. గ్రూప్ ఫొటోలో మధ్యనున్న పెళ్లికూతురి ఛాయ, చివరనున్న మేనమామ ఛాయ ఒకే ఫైల్‌లో ఒకేలా ఉన్నా వీఏ తెర మీద వేరుగా కనిపించేది ఇందుకే. వంపు తెరల్లో ఎక్కువ భాగం వీఏ ప్యానెళ్లే. పైగా గుమ్మం, ధ్వజస్తంభం లాంటి నిలువు గీతలు సరిచేసేటప్పుడు ఆ వంపు మోసం చేస్తుంది.

ఐపీఎస్ కాంట్రాస్ట్ 1000:1 ఉంటుంది, అది తక్కువ కదా అనే సందేహం రావచ్చు. నిగనిగలాడే ఫొటో కాగితం మీద కూడా తెలుపు నలుపుల నిష్పత్తి రెండు మూడు వందలు దాటడం అరుదు. మ్యాట్ కాగితం అయితే ఇంకా తక్కువ. కాగితం చేయగలిగినదాన్ని చూపించడానికి ఐపీఎస్ కావలసినదానికంటే ఎక్కువే.

బిట్ల సంగతి క్లుప్తంగా. ఆరు బిట్ల ప్యానెల్ ఒక్కో రంగులో 64 మెట్లే చూపుతుంది, మొత్తం 2,62,144 రంగులు. మిగతావి పిక్సెళ్లను వేగంగా మార్చుతూ ఉన్నట్టు భ్రమ కల్పిస్తుంది. ఎనిమిది బిట్లయితే 256 మెట్లు, 1,67,77,216 రంగులు. సాయంత్రపు ఆకాశంలో, స్టూడియో బ్యాక్‌డ్రాప్ మీద చారలు రాకుండా ఉండాలంటే అసలైన ఎనిమిది బిట్లు మేలు. పది బిట్లు, వంద కోట్ల రంగులు ప్రస్తుతానికి వదిలేయండి. మీరు ల్యాబ్‌కు పంపే జేపెగ్ ఎనిమిది బిట్లదే. హెచ్‌డీఆర్ 400 స్టిక్కర్, 144 హెర్ట్జ్ కూడా అంతే. ఆటలాడేవాళ్లవి.

పరిమాణం మాత్రం ఆలోచించి తీసుకోవాలి. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీలో అంగుళానికి 92 పిక్సెళ్లు. అదే ఫుల్ హెచ్‌డీని 27 అంగుళాలకు సాగదీస్తే 82కి పడిపోతుంది. గళ్లు కనిపిస్తాయి, కనురెప్పల వెంట్రుకలు పలుగుల్లా ఉంటాయి, షార్ప్‌నెస్ ఎంత ఇవ్వాలో తెలియదు. 27 అంగుళాలు కావాలనుకుంటే 2560×1440 తీసుకోవాలి, అది 109 పిక్సెళ్లు. ఆల్బమ్ డిజైన్ చేసేవాళ్లకు దీని విలువ బాగా తెలుస్తుంది. 12×36 అంగుళాల షీట్ 300 డీపీఐలో 10,800 పిక్సెళ్ల వెడల్పు ఉంటుంది. ఫుల్ హెచ్‌డీ తెర మీద నూరు శాతం సైజులో అందులో ఐదో వంతు వెడల్పు కూడా పట్టదు. అయితే 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ, 24 అంగుళాల 1920×1200 ఒకే ధరకు దొరికితే రెండో మాట లేకుండా చిన్నదే ఎంచుకోండి.

కొలిచి సరిదిద్దడం

ఫ్యాక్టరీలో సరిచేసిన తెర కూడా ఏళ్ల తరబడి అలాగే ఉండదు. వెనక దీపం వయసుతో మసకబారుతుంది, తెలుపు కొద్దికొద్దిగా పక్కకు ఒరుగుతుంది. ప్రతిరోజూ ఎదురుగా కూర్చునే కన్ను ఆ మార్పును పట్టలేదు. ముల్లు పక్కకు జరిగిన త్రాసులో ఎంత జాగ్రత్తగా తూచినా బరువు తప్పే. ముల్లును సరిచేసే సాధనం కలరీమీటర్. డేటాకలర్ స్పైడర్, కాలిబ్రైట్ అనే పేర్లతో దొరుకుతుంది. అరచేతిలో పట్టే ఆ పరికరాన్ని తెర మీద ఆనించి వేలాడదీస్తే, సాఫ్ట్‌వేర్ ఒక్కో రంగు పలక చూపిస్తూ పోతుంది. పరికరం కొలుస్తుంది. చూపాల్సింది 128 బూడిద అయితే అందులో నీలం కొంచెం ఎక్కువైందని తేలుతుంది. ఆ తేడాలన్నిటినీ పట్టికగా రాసి ఐసీసీ ప్రొఫైల్ అనే ఫైల్ తయారుచేస్తుంది. ఫొటోషాప్, లైట్‌రూమ్, ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్ లాంటివి ఆ ప్రొఫైల్ చదివి రంగుల్ని సరిచేసి చూపుతాయి. తెలుపు 6500 కెల్విన్, గామా 2.2, వెలుగు 100 నుంచి 120 నిట్స్ అని లక్ష్యం పెడితే మన పనికి సరిపోతుంది. పని మొదలుపెట్టే ముందు మానిటర్‌ను అరగంట వెలగనివ్వాలి. సాఫ్ట్‌వేర్ మీ తెర వెనక దీపం ఏ రకమో అడిగితే సరైనది ఎంచుకోవాలి, లేకపోతే పరికరమే తప్పు కొలుస్తుంది.

ధర వినగానే చాలామంది వెనక్కి తగ్గుతారు. నిజమే, ఒక్కోసారి అది మానిటర్ ధరకు దగ్గరగా వెళ్తుంది. కానీ దాని అవసరం నెలకోసారి, అరగంట. ఒక ఊళ్లో నలుగురైదుగురు స్టూడియోవాళ్లు కలిసి ఒకటి కొనుక్కుంటే ఒక్కొక్కరికి పడేది రెండు మూడు వేలే. ఫొటోగ్రాఫర్ల సంఘాలు చాలా ఊళ్లలో ఉన్నాయి. సంఘం తరఫున ఒకటి ఉంటే ఆ ఊరి ఆల్బమ్‌లన్నీ బాగుపడతాయి. పాతది ఎవరైనా చవకగా ఇస్తానంటే ఆలోచించండి. కొన్ని పాత రకాల్లో లోపలి రంగు ఫిల్టర్లు ఏళ్లు గడిచేకొద్దీ వెలిసిపోతాయి. ఇంకొకరి మానిటర్ ప్రొఫైల్ నెట్‌లోంచి దించుకుని పెట్టుకోవడం మాత్రం దండగ. ఒకే మోడల్‌లో రెండు మానిటర్లు కూడా ఒక్కలా ఉండవు.

కలరీమీటర్ లేని రోజుల్లో చేయదగ్గవి కొన్ని ఉన్నాయి. మానిటర్ మెనూలో డైనమిక్ కాంట్రాస్ట్, వెలుగును తానే మార్చుకునే ఎకో మోడ్, కంటి రక్షణ మోడ్ ఆపేయండి. విండోస్‌లో నైట్ లైట్ ఆపండి. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపితే కొన్ని కంప్యూటర్లు మానిటర్‌ను టీవీ అనుకుని 0 నుంచి 255 బదులు 16 నుంచి 235 మధ్య విలువలే పంపుతాయి. నలుపు బూడిదగా కనిపిస్తుంది. గ్రాఫిక్స్ సెట్టింగుల్లో ఫుల్ రేంజ్ అని మార్చాలి. ఆ తర్వాత జింప్‌లో నల్లని పేజీ మీద 2, 4, 6, 8, 10 విలువలతో ఐదు చిన్న చతురస్రాలు, తెల్లని పేజీ మీద 253, 251, 249, 247, 245తో ఇంకో ఐదు గీసుకోండి. నల్ల పేజీలో కనీసం ఎనిమిదీ పదీ, తెల్ల పేజీలో 251 దాకా లీలగానైనా విడిగా కనిపిస్తే మీ తెర నీడల్నీ మెరుపుల్నీ మింగేయడం లేదు. మల్లెపూల జడ దిద్దేటప్పుడు ఆ 245 పైన ఉన్న మెట్లే పనికొస్తాయి.

గది కూడా మానిటర్‌లో భాగమే. లేత పిస్తా రంగు గోడ ముందు గంటసేపు కూర్చుంటే కన్ను ఆ పచ్చదనానికి సర్దుకుని, తెర మీద ముఖాలు ఎర్రగా ఉన్నాయని చెబుతుంది. తెర వెనక గోడ ఒక్కటైనా తెలుపో బూడిదో ఉండాలి. కిటికీ మీ వీపు వెనక వద్దు. నల్ల ఫోమ్ షీట్ కత్తిరించి తెరకు పైనా పక్కలా గొడుగులా అంటిస్తే కంపెనీ హుడ్ చేసే పనే చేస్తుంది. గదిలో తెల్లని, రంగుల్ని ఎంత సహజంగా చూపుతుందో చెప్పే సీఆర్‌ఐ అంకె 90కి పైన ఉన్న ఎల్‌ఈడీ బల్బు ఒకటి మసకగా వెలగనివ్వండి. చిమ్మచీకట్లో దిద్దితే మళ్లీ ప్రింట్ నల్లబడుతుంది.

కొత్తదానికి డబ్బు చాలకపోతే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల, ఆఫీసుల నుంచి వచ్చిన పాత ఐపీఎస్ మానిటర్లు వెతకవచ్చు. ఒకప్పుడు ఖరీదైన మోడళ్లు అక్కడ చవకగా దొరుకుతాయి. పెన్‌డ్రైవ్‌లో నాలుగు బొమ్మలు తీసుకెళ్లండి: పూర్తి తెలుపు, పూర్తి నలుపు, 128 బూడిద, నలుపు నుంచి తెలుపు దాకా నున్నగా సాగే పట్టీ. తెల్లని తెర మూలలు పసుపుగా మారాయేమో, బూడిద తెరలో ఒక పక్క గులాబీ, ఇంకో పక్క పచ్చ ఛాయ తేలుతుందేమో చూడండి. నల్ల తెరను చేతులడ్డం పెట్టి చీకటి చేసి చూస్తే అంచుల్లోంచి కారే వెలుగు బయటపడుతుంది. మూలల్లో కొంచెం ఉండటం ఐపీఎస్‌కు మామూలే, మధ్య దాకా వస్తే వద్దు. పట్టీలో చారలు కనిపిస్తే అదీ వద్దు. బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచినా తెర నీరసంగా ఉంటే దీపం ఆయుష్షు అయిపోవచ్చినట్టే. అయితే మనకు కావలసింది 120 నిట్సే కాబట్టి, 180 దాకా వెలిగే పాత మానిటర్ కూడా ఇంకొన్నాళ్లు నడుస్తుంది. కెమెరా చేతిలో ఉంటే అక్కడే కొలవచ్చు: ఐఎస్‌ఓ 100, ఎఫ్/4 దగ్గర సున్నా తెచ్చుకోవడానికి 1/80 కంటే వేగం పట్టాలి.

మానిటర్ ఇంటికొచ్చి, వెలుగు తగ్గించి, వీలైతే కొలిచి సరిదిద్దాక ల్యాబ్‌కు ఒకే ఒక్క 8×12 ప్రింట్ పంపండి. అందులో ఒక ముఖం, ఎర్ర పట్టుచీర, మల్లెపూలు, నల్ల సూటు, పసుపు ఉన్న ఫొటోలను ముక్కలుగా పేర్చండి. కలర్ కరెక్షన్ చేయవద్దని ల్యాబ్‌కు స్పష్టంగా చెప్పండి, లేకపోతే వాళ్ల ఆపరేటర్ తన కంటికి నచ్చినట్టు మార్చేస్తాడు. ప్రింట్ వచ్చాక పగటి వెలుగులో, కిటికీ దగ్గర దాన్ని చూసి, వెంటనే తెర మీది ఫైల్ చూడండి. మొత్తంగా ప్రింట్ ఇంకా నల్లగా ఉంటే ఫైల్ జోలికి పోకుండా మానిటర్‌నే ఇంకో పది పదిహేను నిట్స్ తగ్గించండి. ఒక్క ఎరుపో ఒక్క పసుపో తేడాగా ఉంటే, ఆ ల్యాబ్ వాడే కాగితానికి ఐసీసీ ప్రొఫైల్ ఉందేమో అడిగి తెచ్చుకుని ఫొటోషాప్‌లో సాఫ్ట్ ప్రూఫ్ పెట్టి, ఆ కాగితం మీద రంగులు ఎలా వస్తాయో తెర మీదే చూడండి. ల్యాబ్ మారినా, కాగితం మారినా ఆ 8×12ను మళ్లీ ఒకసారి వేయించుకోవాలి.